క్రిబ్ పిల్లల చేత చేయించండి, మా చేత కాదు: కథోలిక పాఠశాలల పెద్దలకు బహిరంగ లేఖ

మా మేత్రాసనంలో (ఒక బిషప్ గారి పరిధిలో) కథోలిక పాఠశాలలు నడుపుతున్న కరస్పాండెంట్ ఫాదర్లకు, ప్రిన్సిపల్ సిస్టర్లకు, విద్యా విభాగం చూసే పెద్దలకు వందనాలు.

నేను విజయవాడలో, గుణదల దగ్గర ఉంటాను. బ్లౌజులు, చుడీదార్లు కుట్టే చిన్న షాపు నాది. బాబు ఎనిమిదో తరగతి, పాప మూడో తరగతి, ఇద్దరూ సిస్టర్లు నడిపే స్కూల్లోనే. నేను చదువుకున్నదీ అలాంటి స్కూల్లోనే, ఇవాళ నాలుగు ముక్కలు ధైర్యంగా రాయగలుగుతున్నానంటే అక్కడ నేర్పిన చదువే, అది మర్చిపోలేదు. కానీ ఈ విషయం చెప్పక తప్పదు. క్రిస్మస్‌కి క్రిబ్ (బాలయేసు పుట్టిన పశువుల పాక బొమ్మ) అని, పండక్కో ప్రాజెక్ట్, సీజన్‌కో చార్ట్ అని పిల్లలకి ఇస్తున్న ఆర్ట్ వర్క్ పిల్లలు చేయడం లేదు. మేం చేస్తున్నాం, మాకు చేతకాకపోతే షాపువాడు చేస్తున్నాడు. పిల్లలు మోసుకొచ్చి ఇస్తున్నారు, అంతే.

ఇది మొదటిసారి చెప్పడం కాదు. పేరెంట్స్ మీటింగ్‌లో నోటితో చెప్పాం. తర్వాత కొందరం తల్లులం కలిసి సంతకాలు పెట్టి ఆఫీసులో ఉత్తరం ఇస్తే "చూస్తాం అమ్మా" అన్నారు. సలహాల పెట్టెలో కూడా వేశాం. దేనికీ జవాబు లేదు, "అందరూ చేస్తున్నారుగా, మీకొక్కరికే కష్టమా" అన్న మాట మాత్రం చుట్టూ తిరిగి మా చెవిన పడింది. ఇప్పుడు మళ్ళీ ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) దగ్గరికొస్తోంది, డైరీలో మళ్ళీ అదే లిస్టు. థర్మాకోల్ షీట్లు రెండు, గ్లిట్టర్ షీట్లు, దూది, సీరియల్ లైట్లు, గ్లూ గన్. మూడో తరగతి పిల్లకి గ్లూ గన్ ఏంటండీ, చెయ్యి కాలితే ఎవరు చూసుకుంటారు? అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నా. స్కూలు పేరు రాయను. ఒక స్కూలు మీద కోపంతో రాస్తున్నది కాదు ఇది, పక్క విచారణల (చర్చి పరిధుల) తల్లుల్ని అడిగినా ఇంచుమించు ఇదే చెప్తున్నారు.

ముందు ఏడాది పొడవునా ఏం జరుగుతుందో చెప్తాను. మీకు ఇవి ఒక్కో టీచరు ఇచ్చే ఒక్కో చిన్న పనిలా కనిపిస్తాయేమో, అన్నీ కలిపి మోసేది ఇంట్లో మేమే కదా. జూన్‌లో స్కూలు తెరవగానే వర్షాకాలం చార్ట్. ఆగస్టు 15కి జెండాలు. సెప్టెంబర్ 8న మరియ తల్లి పుట్టినరోజుకి కాగితం పూలదండ, అక్టోబర్ జపమాల మాసం కాబట్టి పూసలతో పెద్ద జపమాల మోడల్, నవంబర్ 14కి కార్డులు. డిసెంబర్ సంగతి చెప్పక్కర్లేదు, స్టారు, క్రిబ్, ట్రీ, గ్రీటింగ్ కార్డు, అన్నీ ఒకే నెలలో. జనవరిలో సంక్రాంతి గాలిపటం, ముగ్గుల చార్ట్, 26కి మళ్ళీ జెండా. ఫిబ్రవరి 11 గుణదల మాత ఉత్సవానికి గుహ మోడల్. ఆ తర్వాత ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలం, సిలువ మార్గం 14 స్థలాల చార్ట్, ఈస్టర్‌కి రంగు గుడ్లు. ఎల్కేజీ నుంచి ఎనిమిదో తరగతి దాకా అందరికీ ఇవే. తొమ్మిది, పది వాళ్లకి మాత్రం ఏమీ ఉండవు, వాళ్ల డ్రాయింగ్ పీరియడ్ ఎప్పుడో లెక్కల మేడమ్ గారికి వెళ్లిపోయింది.

పండగల్ని నేను తప్పు పట్టడం లేదు. బాబు క్లాసులో హిందువుల పిల్లలే ఎక్కువ, ముస్లింల పిల్లలూ ఉన్నారు, వాళ్లంతా స్టారు చేసి, మావాడు గాలిపటం చేసి ఒకే బోర్డు మీద అతికిస్తే చూడ్డానికి ఎంత బాగుంటుందో! అది పోకూడదు. చేసే పద్ధతి మారాలి అంటున్నా.

ఇక మా ఇబ్బందులు, ఒక్కొక్కటిగా.

1. అన్నిటికంటే ముఖ్యమైంది, ఇందులో పిల్లల చెయ్యి లేదు. మూడో తరగతి పిల్లకీ ఎనిమిదో తరగతి పిల్లాడికీ ఒకే క్రిబ్ చెప్తే ఇద్దరిలో ఎవరూ చేయరు. చిన్నదానికి రాదు, పెద్దవాడికి విసుగు, వాడు ఇది ఐదేళ్ల నుంచి చూస్తున్నాడు. యూకేజీలో దూది అంటించిన పిల్లాడు ఎనిమిదిలోనూ దూదే అంటిస్తుంటే మధ్యలో ఇన్నేళ్లు ఏం నేర్చుకున్నట్టు? లెక్కల్లో ఇలా ఉంటుందా, ఎనిమిదో తరగతికి కూడా ఒకట్లు, పదులు చెప్తారా?

పోయిన క్రిస్మస్‌కి జరిగింది ఒకటి చెప్తాను. మా వీధిలో మూడో తరగతి చదివే పిల్లాడు ఒకడున్నాడు, వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. వీడు ఏలూరు కాలువ గట్టు నుంచి మట్టి తెచ్చుకుని క్రిబ్ తనే చేశాడు. కొబ్బరి ఈనెలతో పాక, పైన కాస్త గడ్డి, తడిమట్టితో మరియమ్మ, యోసేపు గారు. గాడిదని వాడు దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదట, ఎలా ఉంటుందో తెలియక గేదెని చేసి పెట్టాడు. గేదె కొమ్ములు మాత్రం ఎంత కుదిరాయో, వాడు రోజూ చూసే గేదె కదా. బాలయేసు పక్కన గేదె నెమరేస్తూ కూర్చుంది. నేనైతే చూసి మురిసిపోయా. స్కూల్లో అది నీట్‌గా లేదని వెనక వరసలో, బల్ల కింద పెట్టారు. ఫస్ట్ ప్రైజ్ లైట్లు వెలిగే క్రిబ్‌కి వెళ్లింది, అది షాపులో కొన్నదని తల్లులందరికీ తెలుసు, టీచరుకీ తెలుసు, ప్రైజ్ తీసుకున్న పిల్లకి అందరికంటే బాగా తెలుసు. ఈ ఏడాది ఆ పిల్లాడు మట్టి జోలికి పోలేదు. "కొందాం నాన్నా" అంటున్నాడు. ఇది మీరు నేర్పిందే సిస్టర్, కఠినంగా అనిపిస్తే క్షమించండి.

2. ఖర్చు. లిస్టులో ఉన్నవన్నీ కొని ఇంట్లో చేస్తే ఒక్క క్రిబ్‌కి 500, 600 రూపాయలు తేలిగ్గా అయిపోతాయి, తయారుచేసింది కొంటే ఇంకా ఎక్కువ. ఇద్దరు పిల్లలుంటే రెండు క్రిబ్‌లు, ఎందుకంటే అన్నాచెల్లెళ్లు ఒక్కటే చేసి ఇస్తే కుదరదట. ఇది ఒక్క డిసెంబర్ లెక్క. స్కూలు దగ్గర ఉన్న స్టేషనరీ షాపులకి సర్క్యులర్ మాకంటే ముందే తెలుస్తుందేమో అనిపిస్తుంది, ఆ వారం థర్మాకోల్ రేటు పెంచేస్తారు. ఫీజు వాయిదాల్లో కట్టే ఇళ్లవి మా బడ్జెట్లు. కూలికి వెళ్లే తల్లి ఒకావిడ క్రిబ్ కోసం నా దగ్గర అప్పడిగింది. పాకలో పుట్టిన బాలయేసు కోసం అప్పు!

3. తల్లుల నిద్ర. డిసెంబర్, జనవరి మాకు పని ఎక్కువుండే నెలలు. క్రిస్మస్ బట్టలు, వెంటనే సంక్రాంతి బట్టలు, ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లచూసేది అప్పుడే. సరిగ్గా ఆ రోజుల్లో అర్ధరాత్రి దాకా కూర్చుని ఫోమ్ షీట్లు కత్తిరించాలి. పిల్లలు పడుకుంటారు, మేం చేస్తాం. నాలాగా సొంత షాపు ఉన్నదాన్ని ఎలాగో సర్దుకుంటా, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే తల్లి ఏం చేయాలి? చదువు రాని తల్లి, పెయింట్ డబ్బా ఎప్పుడూ ముట్టని అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల, వీళ్ల సంగతి? తండ్రుల మాట ఎత్తడం లేదు, ఎందుకంటే చార్టు కొనుక్కురావడంతో వాళ్ల డ్యూటీ అయిపోయిందనుకుంటారు. ఇది మీరు తీర్చే గొడవ కాదులెండి.

4. మీరు తెమ్మంటున్న వస్తువు చట్టప్రకారం ఆపేసింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. ఆ జాబితాలో అలంకరణకి వాడే థర్మాకోల్ ఉంది, ప్లాస్టిక్ జెండాలు ఉన్నాయి, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు ఉన్నాయి. అంటే ఆగస్టు 15 జెండా, డిసెంబర్ క్రిబ్, రెండూ అందులోకే వస్తాయి. పిల్లలు సోషల్ పరీక్షలో ప్లాస్టిక్ వల్ల నష్టాలు అని పది పాయింట్లు రాసి, అదే సాయంత్రం థర్మాకోల్ కొనుక్కుని ఇంటికొస్తున్నారు. జనవరి మొదటి వారంలో ఆ క్రిబ్‌లన్నీ ఎక్కడికి పోతున్నాయో ఒకసారి స్కూలు వెనక గోడ దగ్గరికెళ్లి చూడండి. కొన్ని కాలుస్తారు, నల్లటి పొగ, ఆ వాసనకి పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు కిటికీలు మూసుకుంటారు. కొన్ని కాలువలోకి.

5. చిన్న పిల్లలకి హోంవర్కే ఉండకూడదు. 2020లో కేంద్ర విద్యాశాఖ పంపిన స్కూల్ బ్యాగ్ విధానంలో రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దన్నారు, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలకి మించొద్దన్నారు. ఒక్క గుణదల గుహ మోడల్‌కే ఆ రెండు గంటలు మొదటి రోజే అయిపోతాయి. ఎల్కేజీ పాపకి ప్రాజెక్ట్ ఇస్తే అది ఎవరికిచ్చినట్టో మీకు తెలియదా?

6. మార్కులు. ఎఫ్ఏల్లో (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో) ప్రాజెక్ట్ వర్క్ మార్కులకి దీన్నే లెక్కేస్తున్న టీచర్లున్నారు. అంటే తల్లి చేతి పనికో, షాపులో పెట్టిన డబ్బుకో మార్కులు పడుతున్నాయి. అమ్మ లేని పిల్లకి తక్కువ పడుతున్నాయి.

7. మన దగ్గర లేని సీజన్లు. ఇది చెప్తే నవ్వొస్తుంది కానీ నిజం. పాపకి యూకేజీలో వింటర్ అంటే స్నోమాన్ చేయమన్నారు, మెడలో మఫ్లరు, ముక్కుకి క్యారెట్. ఆటమ్ అంటే ఎర్రటి ఆకులు అంటించమన్నారు. బెజవాడలో! ఇక్కడ చలికాలమంటే పొద్దున్నే మంచు, వరి కోతలు, గుమ్మడి పూలు, గొబ్బెమ్మలు. డిసెంబర్‌లో విజయవాడ దాటి ఏ వైపు వెళ్లినా వరిగడ్డి వాములే, బాలయేసుని పడుకోబెట్టడానికి అసలు సిసలు గడ్డి అదే, మేం మాత్రం షాపులో పచ్చ ప్లాస్టిక్ గడ్డి కొంటున్నాం.

8. టీచర్లు. వాళ్లదీ పాపం మాలాంటి బాధే. స్కూలు వదిలాక ఉండి బోర్డులు అలంకరించేది వాళ్లే, దానికి ఒక్క రూపాయి అదనంగా రాదు.

ఇవన్నీ చెప్పినప్పుడు మాకు వినిపించిన సమాధానాలు కొన్ని ఉన్నాయి, వాటి గురించి కూడా మాట్లాడదాం.

"తల్లిదండ్రులు పిల్లలతో కలిసి గడుపుతారని ఇస్తున్నాం" అన్నారు. కలిసి గడపడమంటే పొద్దున బస్సు వచ్చేలోపు గమ్ ఆరలేదని ఒకరి మీద ఒకరం అరుచుకోవడం కాదండీ. మేం పిల్లలతో గడపాలనుకుంటే మాకు ఆదివారం పూజ తర్వాత ఖాళీ సాయంత్రం ఇవ్వండి చాలు.

"ఎగ్జిబిషన్‌కి బయటివాళ్లు వస్తారు, బాగుండాలి" అన్నారు. ఎవరొస్తారో మాకూ తెలుసు, జనవరి నుంచి అడ్మిషన్లు మొదలు. బోర్డు మీద మెరిసేది చూసి కొత్త తల్లిదండ్రులు చేరతారనుకుంటే చేరనివ్వండి, కానీ అది చిత్రకళ అని పిల్లలకి చెప్పొద్దు, పబ్లిసిటీ అని చెప్పండి.

"డ్రాయింగ్ టీచరు లేరు, ఏం చేయమంటారు" అన్నారు. ఇదొక్కటే నిజమైన సమాధానం. మా రోజుల్లో డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు, వారానికో పీరియడ్, బోర్డు మీద చాక్‌పీస్ అడ్డంగా పట్టుకుని ఒక్క గీతతో కొండ గీసేవారు, మేం నోరు తెరుచుకుని చూసేవాళ్లం. చాలా స్కూళ్లలో అలాంటివాళ్లు రిటైరయ్యాక ఆ పోస్టే పోయింది, దాని బదులు కంప్యూటర్, అబాకస్, కరాటే వచ్చాయి. విద్యాహక్కు చట్టంలో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటే ఆర్ట్ నేర్పడానికి పార్ట్‌టైమ్ టీచరు ఉండాలని రాసి ఉంది. మన కథోలిక స్కూళ్లలాంటి మైనారిటీ విద్యాసంస్థలకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ తెలుసు. కాబట్టి చట్టం చూపించి బెదిరించడం లేదు. పేద ప్రభుత్వ బడిలో ఉండాలన్న మనిషి, ఇంత పేరున్న మన స్కూళ్లలో లేకపోవడం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా కళలని ఖాళీ పీరియడ్‌లో సర్దే పనిగా చూడలేదు, మిగతా సబ్జెక్టుల వరసలోనే పెట్టింది.

ఇంకో మాట, ఇది కథోలికురాలిగా అంటున్నా. క్రిబ్ అనే ఆచారం ఎలా మొదలైందో మాకు గుళ్లో ప్రసంగంలో చెప్పింది మీరే. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ గారు గ్రెచ్చియో అనే ఊళ్లో క్రిస్మస్‌కి 15 రోజుల ముందు ఒక మనిషిని పిలిచి గడ్డి, పశువుల తొట్టి, ఎద్దు, గాడిద సిద్ధం చేయమన్నారు. అక్కడ ప్రతిమలు కూడా లేవు, వచ్చిన ఊరి జనమే ఆ సన్నివేశంలో ఉన్నారు. 2019 డిసెంబర్ 1న అదే ఊళ్లో పోప్ ఫ్రాన్సిస్ గారు క్రిబ్ గురించి ప్రత్యేకంగా లేఖ రాసి సంతకం చేశారు, అది ఎలా అమర్చారన్నది ముఖ్యం కాదు, మన బతుకుతో మాట్లాడుతుందా లేదా అన్నదే ముఖ్యం అని అందులో ఉంది. ఆటో డ్రైవర్ కొడుకు గేదె మా వీధి బతుకుతో మాట్లాడింది కదా, మరి అది బల్ల కిందకి ఎందుకు వెళ్లింది? పర్యావరణం గురించి 2015లో అదే పోప్ గారు అందరికీ రాసిన విశ్వలేఖ మీద మన స్కూళ్లలో వ్యాసరచన పోటీలు పెడతారు, బహుమతిగా థర్మాకోల్ మీద అంటించిన సర్టిఫికెట్ ఇస్తారు. నేను కల్పించి రాయలేదు, మా బాబు తెచ్చాడు.

పిల్లల చేత ఏం చేయించవచ్చో మాకు తెలియక కాదు. తరగతిని బట్టి ఇస్తే ఇవే పండగలతో బోలెడు నేర్పవచ్చు. ఎల్కేజీ నుంచి రెండు దాకా మట్టి, చింపిన కాగితాలు, వేళ్ల రంగులు, అంతే, వచ్చింది వచ్చినట్టు గోడకి పెట్టండి, ఆ వయసులో మనిషి బొమ్మకి చేతులు తలలోంచే వస్తాయి, అలాగే రావాలి, దిద్దొద్దు. మూడు నుంచి ఐదు దాకా రంగులు. దీనికి గుళ్లో ఫాదర్లు వేసుకునే మన పూజా వస్త్రాలే పెద్ద పాఠం, బట్టలు కుట్టేదాన్ని కాబట్టి నా కన్ను ముందు వాటి మీదకే పోతుంది. ఆగమన కాలానికీ తపస్సు కాలానికీ ఊదా, క్రిస్మస్‌కీ పాస్కాకీ (ఈస్టర్‌కీ) తెలుపు, సామాన్య కాలానికి ఆకుపచ్చ, పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకోస్తు పండక్కి ఎరుపు, ఆగమన కాలం మూడో ఆదివారం, తపస్సు కాలం నాలుగో ఆదివారం మాత్రం గులాబీ రంగు. ఏ ఆదివారం ఫాదర్లు ఏం రంగు వేసుకున్నారో పిల్లలు చూసొచ్చి ఒక పెద్ద చక్రం మీద ఒక్కో గడి నింపుకుంటూ పోతే ఏడాది చివరికి వాళ్ల చేతిలో ఒక క్యాలెండర్ ఉంటుంది, ఖర్చు ఒక కలర్ పెన్సిళ్ల డబ్బా. గుడికి రాని పిల్లలు వాళ్ల ఇంటి ముందు చెట్టు రంగు ఏ నెలలో ఎలా మారిందో అలాగే నింపుకోవచ్చు, వేప చిగురు ఎప్పుడొచ్చింది, చింతచెట్టు ఎప్పుడు పూసింది అని. ఇద్దరివీ పక్కపక్కన పెట్టండి, నాకైతే చూడాలనుంది.

ఆరు నుంచి ఎనిమిది దాకా చేతి పని నేర్పండి. కొండపల్లి మనకి పాతిక కిలోమీటర్ల లోపే ఉంది. అక్కడ తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి చేతులూ కాళ్లూ అతికిస్తారు. చింతగింజలు, రంపపు పొట్టు, రెండూ దాదాపు ఉచితం. ఆ ముద్దతో క్లాసంతా కలిసి ఒక్క క్రిబ్ చేస్తే చాలు, ఒకడు గొర్రె, ఒకత్తి బాలయేసుని చూడొచ్చిన జ్ఞాని, ఒకడు గేదె. మరియమ్మకి చీర కట్టి బొమ్మలు గీసిన ఆంజెలో ద ఫొన్సెకా లాంటి చిత్రకారులు మన దేశంలోనే ఉండేవారని అప్పుడే చెప్పవచ్చు. ఈస్టర్‌కి ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారానికి తాటాకు సిలువలు అల్లడం నేర్పండి, వాటినే దాచి మరుసటి ఏడాది తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారానికి బూడిద చేస్తారని చూపించండి, ఆ ఒక్క ఆకుతో ఏడాది తిరిగి రావడం పిల్లలకి అర్థమవుతుంది. తొమ్మిది, పది వాళ్లకి కనీసం వారానికి ఒక్క పీరియడ్ మిగల్చండి, ఆ ఒక్క గంటలో పోయే ర్యాంకులేమీ ఉండవు.

మేం అడుగుతున్నవి ఇవి:

1. ఆర్ట్ ప్రాజెక్ట్ ఏదైనా స్కూల్లోనే, స్కూలు టైములోనే, పిల్లల చేతే చేయించాలి. ఇంటికి పంపొద్దు. ఈ ఒక్కటి ఒప్పుకుంటే మిగతా వాటిలో సగం వాటంతటవే పోతాయి.

2. థర్మాకోల్, ప్లాస్టిక్ జెండాలు, గ్లిట్టర్ షీట్లు, గ్లూ గన్ తెమ్మని డైరీలో రాయడం ఇవాళ్టి నుంచే ఆపాలి. ఇప్పటికే రాసినవి రద్దు చేస్తున్నట్టు ఇంకో సర్క్యులర్ పంపాలి, చాలామంది ఇంకా కొనలేదు.

3. ఏడాదికి ఎన్ని ప్రాజెక్టులు, ఏ తరగతికి ఏది, దేంతో చేయాలి, జూన్‌లోనే ఒక కాగితం మీద ఇవ్వాలి. టర్మ్‌కి ఒకటి మించొద్దు. ప్రతి క్లాసు టీచరూ విడివిడిగా ఇచ్చే పద్ధతి పోవాలి.

4. సామాన్లు స్కూలే కొనాలి. ఫీజుల్లో యాక్టివిటీ ఫీజు అని ఒక గడి ఎలాగూ ఉంది కదా, ఆ డబ్బు దేనికి ఖర్చవుతోందో మీటింగ్‌లో చెప్పాలి. కావాలంటే గుడ్డ పీలికలు నేను మూటలు కట్టి పంపిస్తా, మా లైన్లో ఉన్న టైలర్లందరి దగ్గరా తెప్పిస్తా. వరిగడ్డి తెస్తామనే తల్లులున్నారు.

5. ప్రైజులు వద్దు. కనీసం ఐదో తరగతి దాకా వద్దు. పెట్టాలనుకుంటే పిల్ల ముందు కూర్చుని చేసినదానికే పెట్టండి. కొన్నవి బోర్డు మీద పెట్టొద్దు.

6. ఎఫ్ఏ మార్కులకి, పండగ ప్రాజెక్టులకి సంబంధం తెంచాలి.

7. డ్రాయింగ్ టీచరుని వేయాలి. ఒక్క స్కూలుకి భారమైతే మేత్రాసనంలో రెండు మూడు స్కూళ్లకి కలిపి ఒకర్ని వేయండి, రోజు మార్చి రోజు వస్తారు. ఫైన్ ఆర్ట్స్ చదివి ఫ్లెక్సీలు డిజైన్ చేసుకుంటున్న పిల్లలు ఈ ఊళ్లో ఎంతోమంది ఉన్నారు.

8. తొమ్మిది, పది తరగతుల పీరియడ్ వెనక్కి ఇవ్వాలి.

వీటిలో మొదటి రెండిటికీ డబ్బు అక్కర్లేదు, మీటింగ్ అక్కర్లేదు, ప్రిన్సిపల్ సిస్టర్ గారి సంతకం ఒక్కటి చాలు. ఆగమన కాలం మొదటి ఆదివారం లోపు ఆ సర్క్యులర్ వస్తుందని ఎదురుచూస్తాం. మిగతా వాటి మీద జనవరిలో, పరీక్షల హడావిడి లేని ఒక శనివారం, తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడండి. వచ్చేవాళ్ల పేర్లు మా దగ్గర ఉన్నాయి.

సర్క్యులర్ రాకపోతే మేం కొందరం తల్లులం ఒకటి అనుకున్నాం. ఈ డిసెంబర్‌లో థర్మాకోల్ కొనం, షాపు క్రిబ్ కొనం, రాత్రిళ్లు మేం కూర్చోం. మా పిల్లలు వాళ్ల చేతికి వచ్చింది, మట్టో గడ్డో కాగితమో, వాళ్లే చేసుకుని తెస్తారు. వంకరగా ఉంటాయి. మార్కులు తీసేయాలనిపిస్తే తీసేయండి, కానీ ఎందుకు తీసేశారో డైరీలో రాసి సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
మూడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లల తల్లి,
గుణదల, విజయవాడ.